కాంట్రాక్టరు ఇంటి వెనక గది

ఆ రోజుల్లో ఉత్తరాదిన ఉక్కు కార్ఖానా ఊళ్లో, బర్మామైన్స్‌ పేటలో, మా తెలుగువాళ్ల సందుకంతటికీ ఒకటే టీవీ. అందులో ఒక విదేశీ సీరియల్ వచ్చేది. నలుగురైదుగురు గూఢచారులు వేషాలు మార్చి, దొంగ కాగితాలు చూపించి, బందీగా ఉన్న మనిషిని కాపలావాళ్ల కళ్లముందే బయటికి తెచ్చేవారు. ఇంగ్లీషు మాకు సగమే అర్థమయ్యేది. నేను మాత్రం లోపలికి ఎందరు వెళ్లారు, బయటికి ఎందరు వచ్చారు అని లెక్కపెట్టేవాణ్ణి. రైల్వే యార్డులో వ్యాగన్ల నంబర్లు రాసుకునే పని నాది. చదువు ఆరో తరగతితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నా లెక్క తప్పదని అందరికీ నమ్మకం, నాకు మరీను.

మా పక్కింటి పెద్దమ్మ ఇరవయ్యేళ్ల కూతుర్ని అదే ఊళ్లో భుయ్యాడీహ్‌ పేటలో ఒక కాంట్రాక్టరు ఇంట్లో పనికి పెట్టుకున్నారు. ఆరు నెలలుగా గేటు దాటనివ్వలేదు. తల్లి వెళితే, రావాలని పిల్లకే లేదని తిప్పి పంపేవారు. రేషను కార్డుల తనిఖీ అని చెప్పి వెళదామని నేనూ నా స్నేహితుడూ అనుకున్నాం. ఆలోచన సీరియల్‌దే.

స్నేహితుడు ఒక టికెట్ కలెక్టరు నల్లకోటు అరువు తెచ్చాడు. పెద్దమ్మ అంత భయంలోనూ నవ్వింది. "టీవీలో ఆళ్లు మొకాలకి తొడుగులేసుకుంటారు గదరా. నీకెందుకు, ఆ కోటులో మీ యమ్మే నిన్ను పోల్చుకోనేదు."

పొద్దున పదింటికి, కాంట్రాక్టరు అన్నం క్యారేజీతో సైటుకు వెళ్లాక, పెద్దమ్మను మలుపులో రిక్షాలో కూర్చోబెట్టి గేటు తట్టాం. ఇంట్లో ఎంతమందని హిందీలో అడిగాను. ఆయన కాక, పనివాళ్లతో కలిపి ఏడుగురని ఇల్లాలు చెప్పింది. అందర్నీ వరండాలోకి రమ్మన్నాను. ఏడుగురూ వచ్చారు, చివర మా పిల్ల. వాకిట్లో ఎండకు బోర్లించిన కంచాలు ఎనిమిది. ఎనిమిదోది కాంట్రాక్టరుది అనుకుని లెక్క సరిపెట్టాను.

చేతిలోని రిజిస్టరులోకి చూస్తూ, పేర్లు చదువుతున్నట్టు సాగదీసి, ఆ ఇంటివాళ్లకు రాని తెలుగులో అన్నాను: "మీ యమ్మ మలుపులో రిక్షాలో ఉంది. ఈళ్లు లోపలికెళ్లగానే నడు." తర్వాత పాత కార్డు వెతకమని ఇల్లాల్ని, వేలిముద్రకు చేతులు కడుక్కురమ్మని మిగతావాళ్లని లోపలికి పంపాను. పిల్ల చెప్పులైనా లేకుండా గేటు దాటింది.

మేం రిక్షా దగ్గరికి చేరేసరికి పెద్దమ్మ కూతుర్ని పట్టుకుని ఏడుస్తోంది. పిల్ల మా వెనక్కి చూస్తోంది.

"అదేదన్నియ్యా?"

"ఎవర్తి?"

"ఎనక గదిలో నాతోటి పిల్ల. జొరంతో లెగనేకపోతంది. దాన్నీ తెత్తారనుకున్నాను."

స్నేహితుడు వెనక్కి తిరగబోయాడు. అప్పటికే గేటు దగ్గర అరుపులు మొదలయ్యాయి. రిక్షావాణ్ణి పోనిమ్మన్నది నేనే.

సాయంత్రం మా సందు మగవాళ్లం పన్నెండుమందిమి వెళ్లాం. తలుపులన్నీ తీసే ఉన్నాయి. వెనక గది ఇల్లాలే చూపించింది. కడిగిన నేల ఇంకా ఆరలేదు. ఇంకో పిల్లా, ఎవరూ లేరే, అంది. పోలీసు ఠాణాకి వెళితే ఆ పిల్ల పేరు అడిగారు. అందరూ పాప అని పిలిచేవారని, ఒడిశా వైపుదని, మా పిల్లకు తెలిసింది అంతే.

పెద్దమ్మ బతికినంతకాలం నేను కనబడితే చాలు, నలుగురికీ చెప్పేది: "నా పిల్లని తెచ్చిన బాబు." ఆ మాట వచ్చినప్పుడల్లా కూతురు చేస్తున్న పని ఆపి, లేచి లోపలికి వెళ్లిపోయేది.