లోడింగ్ అయ్యేలోపు

1998 ఏప్రిల్ నాటికి నేను సింగపూర్‌లో, జురాంగ్ వైపున్న ఒక హార్డ్‌డిస్కుల ఫ్యాక్టరీలో సీనియర్ రిలయబిలిటీ ఇంజనీర్‌ని. కాపురం ఆ పక్కనే బూన్ లే అనే పేటలో, గవర్నమెంటు ఫ్లాటు. మా ఆయన ఓడల్లో సెకండ్ ఇంజనీర్. ఓడెక్కితే నెలల తరబడి మనిషి కంటికి కనపడడు. రిలయబిలిటీ ఇంజనీర్ అంటే ఏం చేస్తావే అని మా నెల్లూరు బంధువులు అడిగితే ఒకటే చెప్పేదాన్ని: డిజైన్ వాళ్ళు డిస్కుని కంటారు, ప్రొడక్షన్ వాళ్ళు పెంచుతారు, మేము చావగొడతాం. నిజంగా మా పని అదే. కొత్త మోడల్ తయారవగానే కొన్నింటిని తెచ్చి, ఓవెన్ లాంటి వేడి పెట్టెల్లో వారాల తరబడి రాయించి, చదివించి, ఏది ఎప్పుడు చస్తుందో చూస్తాం. తేడా కనిపిస్తే ఆ మోడల్ మొత్తాన్ని గేటు దాటనివ్వం. దాన్ని 'హోల్డ్' అనేవాళ్ళం. హోల్డ్ మీద సంతకం పెట్టే అధికారం సీనియర్ హోదా నుంచే మొదలవుతుంది కాబట్టి, ప్రొడక్షన్ మేనేజర్లు నన్ను చూస్తే మొహం మాడ్చుకునేవాళ్ళు. మాడ్చుకోనీ, నాకేం?

అవి ఇంటింటికీ కంప్యూటర్ వస్తున్న రోజులు. ఎన్ని డిస్కులు చేసినా చాలేవి కావు. అంత హడావుడిలోనూ ఆ ఏప్రిల్లో నా బుర్ర మొత్తం ఒకే ఒక్క డిస్కు తినేసింది. అది మా అమ్మాయి హారికకి కొనబోయే గేమింగ్ కంప్యూటర్లో పెట్టాల్సిన డిస్కు.

హారికకి అప్పుడు పదమూడేళ్ళు. దానికి మూడేళ్ళప్పుడు నెల్లూరులో మా అక్క లలిత దగ్గర వదిలి వచ్చాను. నాది షిఫ్టుల ఉద్యోగం, ఆయన సముద్రం మీద, ఇక్కడ పిల్లని చూసుకునే దిక్కు లేదు. అక్కకి పిల్లల్లేరు. ఒక్క ఏడాదే అనుకున్నాం. ప్రమోషన్లు వచ్చాయి, కొత్త మోడళ్ళు వచ్చాయి, ఏడాది పదేళ్ళయింది. పిల్ల అక్కని అమ్మా అని, నన్ను సింగపూరమ్మా అని పిలవడం నేర్చుకుంది. ఫోన్లో ఆ పిలుపు విన్న ప్రతిసారీ నవ్వేదాన్ని. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఆ వేసవి సెలవులకి పిల్లని నా దగ్గరికి పంపమన్నాను. నచ్చితే ఇక్కడే స్కూల్లో చేరుస్తాను అన్నాను.  పంపిస్తాను కానీ దానికి ఇష్టమైతేనే ఉంచుకో, బలవంతం చెయ్యకే వసూ అంది అక్క. సరేనన్నాను. మా బావ నెల్లూరులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ పెట్టాడు. క్లాసులు అయిపోగానే అక్కడి కంప్యూటర్లలో గేములాడటం హారికకి పిచ్చి. అందుకే, నువ్వొస్తే మాంచి గేమింగ్ కంప్యూటర్ కొనిపెడతానని ఫోన్లో ఆశపెట్టాను. ఎర వేశావా అని మా ఆయన ఓడ మీంచి ఎగతాళి చేశాడు. ఎరే మరి. పదేళ్ళ దూరాన్ని చేతులతో లాగగలిగితే ఎర ఎందుకు?

కంప్యూటర్లో మిగతావన్నీ షాపు వాడికి వదిలేశాను. డిస్కు మాత్రం నేనే ఎంచుకోవాలనుకున్నాను, ఇన్నేళ్ళు దాని ఉప్పే తిన్నాను కదా. ఇప్పటి పిల్లలకి తెలియదేమో, ఆ రోజుల్లో డిస్కు అంటే లోపల అద్దంలాంటి పళ్ళేలు గిర్రున తిరిగేవి. వాటి మీద ఒక సన్నటి చెయ్యి అటూ ఇటూ పరిగెడుతూ సమాచారం వెతికేది. పళ్ళెం ఎంత జోరుగా తిరిగితే గేము అంత త్వరగా తెరుచుకుంటుంది. కానీ జోరు పెరిగితే వేడి, మోత, అరుగుదల కూడా పెరుగుతాయి. మామూలు ఇంటి కంప్యూటర్‌కి నిమిషానికి అయిదువేల నాలుగొందల చుట్లు తిరిగేది చాలు. మేము అప్పుడే పాస్ చేసిన కొత్త మోడల్ ఏడువేల రెండొందలు తిరుగుతుంది. నా పక్క సీటు లిమ్, చెడిపోయిన డిస్కుల్ని కోసి చూసే విభాగం వాడు, 'గేమ్‌కా? ఫాస్ట్‌దే లా, ఇంకా ఆలోచన దేనికి?' అన్నాడు సింగపూర్ యాసలో. ఉద్యోగులకి అమ్మే వాటిలోంచి ఆ కొత్తదే తీసుకున్నాను. దానికి ఎదురుగా ఒక చిన్న ఫ్యాన్ పెడితే వేడికి భయం లేదు.

కానీ మా రిలయబిలిటీ జనానికి ఒక చాదస్తం ఉంది. పెట్టెలోంచి తీసిన కొత్త డిస్కుని నమ్మం. పోయే డిస్కు ఎక్కువగా మొదటి వారాల్లోనే పోతుంది. ఆ గండం గడిచిందంటే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అందుకని ఎవరు ఇంటికి డిస్కు కొనుక్కున్నా, ముందు వేరే కంప్యూటర్లో పెట్టి కొన్ని వారాలు ఏకధాటిగా రాయించి చదివిస్తాం. అది గట్టెక్కాకే వాడతాం. బయటివాళ్ళు నవ్వుతారు. మాలో ఒక్కరూ ఈ ఆచారం తప్పరు. నేనూ కొత్త డిస్కుని వంటింటి మూల పాత కంప్యూటర్లో పరీక్షకి పెట్టి, హారిక కంప్యూటర్లో తాత్కాలికంగా నా దగ్గరున్న పాత డిస్కు బిగించాను. అది రెండు తరాల వెనకటిది. నిక్షేపంగా పనిచేస్తుంది కానీ ముసలి ఎద్దు నడక.

పిల్ల వచ్చింది. ఎయిర్‌పోర్టులో దండం పెట్టినంత మర్యాదగా నవ్వింది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా అడిగి తాగేది. మూడు రోజులు ఇద్దరం ఒకరికొకరు చుట్టాల్లా మసిలాం. కంప్యూటర్ చూసి కళ్ళు మెరిశాయి. గేము పెట్టింది. తెర మీద 'లోడింగ్' అని వచ్చి, ఒక గీత నత్తలా పాకుతోంది. డిస్కు కిరకిరమంటోంది.

"ఏంది సింగపూరమ్మా, ఇంత స్లో! మా ఇన్‌స్టిట్యూట్‌దే నయం."

"అసలుది పరీక్షలో ఉంది. పాసైతే పెడతా."

"డిస్కుకి కూడా పరీక్షలా! పాపం."

మొదటిసారి ఇద్దరం కలిసి నవ్వాం.

గేములో ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా మళ్ళీ లోడింగే. నిమిషం, ఒక్కోసారి ఇంకా పైనే. డ్యూటీ నుంచి వచ్చి, జామకాయ ముక్కలు కోసుకుని, దాని వెనక మంచం మీద కూర్చునేదాన్ని. గీత పాకుతున్నంతసేపూ చేయడానికేమీ లేక పిల్ల కుర్చీ నావైపు తిప్పేది. ముందు గేము కబుర్లు. తరవాత స్కూలు. తరవాత, మా బావకి గురక ఎలా వస్తుందో, అక్క చేపల పులుసు పెట్టిన రోజు ఎవరెవరు ఏదో పని ఉన్నట్టు వచ్చి భోంచేసి వెళ్తారో. ఉరుమంటే దానికి భయమని నాకు అప్పుడే తెలిసింది. లెక్కలంటే ఇష్టమని, ఒకసారి బావిలో చెప్పు పడేసి పక్కింటి పిల్ల మీదకి తోసిందని తెలిసింది. పదేళ్ళ కబుర్లు నిమిషం నిమిషం చొప్పున నాకు చేరుతున్నాయి. గీత చివరికి రాగానే మాట మధ్యలో ఆపేసి గిరుక్కున తెరవైపు తిరిగేది. నేను ముక్కలు తింటూ, తరవాతి లోడింగ్ కోసం కాసుక్కూర్చునేదాన్ని. దాన్ని ఆటలో త్వరగా గెలిపించమని దేవుణ్ణి వేడుకున్నానంటే నమ్ముతారా? గెలిస్తేనే కదా తరవాతి మెట్టు, మళ్ళీ లోడింగ్.

నెల తిరక్కుండానే 'ఇక్కడ స్కూల్లో యూనిఫామ్ ఏ రంగు?' అని అడిగింది. నా గుండె ఎగిరి గంతేసింది. పైకి మాత్రం, తెలుసుకుని చెప్తాలే అన్నాను.

ఒక శనివారం సాయంత్రం వాన పడుతోంది. దూరంగా ఉరిమింది. పిల్ల కుర్చీ తిప్పి, కాళ్ళు పైకి ముడుచుకుంది. ఉన్నట్టుండి అడిగింది.

"నువ్వు నన్ను అక్కడ వదిలేసి వచ్చిన రోజు నేను ఏడ్చానా?"

నేను గిన్నెలో జామకాయ ముక్కలు సర్దుతూ కూర్చున్నాను. జవాబు తెలియక కాదు. ఏడవలేదు. అక్క ఒళ్ళో నిద్రపోతోంది. లేపితే వెళ్ళలేనని లేపకుండానే వచ్చేశాను. మద్రాసు వెళ్ళే బస్సులో దారి పొడుగునా నేనే ఏడ్చాను. ఆ ముక్క ఎలా మొదలుపెట్టాలో తేల్చుకునేలోపు గీత చివరికొచ్చింది. పిల్ల అటు తిరిగిపోయింది. సరే, ఇంకో లోడింగ్ వస్తుందిగా, అప్పుడు చెప్దాం అనుకున్నాను. మాటలు కూడా వరసగా పేర్చుకున్నాను.

ఇంతలో అక్క ఫోన్ చేసింది, పిల్ల హాల్లోకి వెళ్ళింది. వంటింట్లో చూస్తే కొత్త డిస్కు పరీక్ష ఆ రోజుతో పూర్తయింది. ఒక్క తప్పు లేదు. పాసైన డిస్కుని ఖాళీగా ఉంచడం మా వృత్తిలో లేదు. మామూలుగా అయితే నేనూ వెళ్ళి అక్కతో మాట్లాడేదాన్ని. కానీ పిల్లకి బ్రహ్మాండంగా సర్‌ప్రైజ్ ఇద్దామని స్క్రూడ్రైవర్ తీసుకుని కూర్చున్నాను. పాతదాంట్లోవి కొత్తదాంట్లోకి ఎక్కించి, పాతది తీసేసి, ఫ్యాన్ బిగించేసరికి పిల్ల వచ్చింది.

గేము పెట్టింది. గీత కనిపించీ కనిపించకముందే మాయమైంది. హారిక కెవ్వుమని అరిచి, లేచి వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. పదేళ్ళలో పిల్ల తనంతట తాను నన్ను పట్టుకోవడం అదే మొదలు. ఏ ప్రమోషన్‌కీ నాకు అంత సంతోషం కలగలేదు.

ఆ తరవాత కుర్చీ నావైపు తిరగలేదు. మెట్టు తరవాత మెట్టు, నోట్లో పెట్టుకున్న జామకాయ ముక్క నమిలేలోపు తెరుచుకునేది. నేనే పలకరించేదాన్ని. ఊఁ అనేది. ఆకలేస్తోందా అంటే ఊఁహూఁ. దాని తప్పేం లేదు, నేనిచ్చిన వేగమే అది. పాత డిస్కు మళ్ళీ పెడదామా అని ఎన్నిసార్లు అనుకున్నానో! కానీ ఏ కారణం చెప్పి పెట్టను? వారాల తరబడి పరీక్షించి, బంగారంలాంటి డిస్కని నేనే పొగిడానాయె. నా సబ్జెక్టులో నన్ను ఓడించే వాదన నాకే దొరకలేదు.

యూనిఫామ్ నీలం రంగని చెప్పాను. ఓహో అంది. జూన్‌లో, అమ్మ దగ్గరికి వెళ్తానంది. ఆ 'అమ్మ' నేను కాదు. అక్కకిచ్చిన మాట ప్రకారం టికెట్ తీశాను. కంప్యూటర్ తీసుకెళ్ళమంటే, ఇక్కడే ఉండనీ, వచ్చినప్పుడు ఆడుకుంటా అంది. అది వెళ్ళిన వారానికి నేను కొత్త డిస్కు ఊడదీసి పాతది బిగించాను. నాకు గేము ఆడటం రాదు. ఊరికే తెరిచి, ఆ కిరకిర వింటూ మంచం మీద కూర్చునేదాన్ని. గీత చివరిదాకా పాకేది. కుర్చీ ఖాళీగా ఉండేది.

ఇప్పుడు నేను రిటైరయ్యాను, బూన్ లేలోనే ఉంటున్నాను. హారిక చదువైపోయాక ఉద్యోగం కోసం తనే సింగపూర్ వచ్చింది. సెంగ్‌కాంగ్‌లో ఉంటుంది, గేముల పిచ్చి మాత్రం పోలేదు. నన్ను అమ్మా అనే పిలుస్తుంది, అక్కనీ అమ్మా అనే పిలుస్తుంది. ఈ మధ్య కొత్త గేమింగ్ కంప్యూటర్ కట్టుకుంటూ, డిస్కు ఏది కొనమంటావమ్మా అని ఫోన్ చేసింది. ఇప్పటివాటిలో తిరిగే పళ్ళెం లేదు, పరిగెత్తే చెయ్యి లేదు, చప్పుడు లేదు. వేడి ఎంత తట్టుకుంటుంది, ఎన్నిసార్లు రాస్తే అరుగుతుంది అని చూసి ఒకటి చెప్పాను. బిగించేటప్పుడు నువ్వూ రా అంది.

వెళ్ళాను. బిగించడం చిటికెలో అయిపోయింది. కానీ ఈ కాలపు గేములు ఇంటర్నెట్‌లోంచి దిగాలట. తెర మీద ఒక గీత. హారిక కుర్చీ నావైపు తిప్పింది. 'చూడమ్మా, ఇంత డబ్బు పోసి కొన్నా మళ్ళీ ఇదే' అని నవ్వింది.

ఆ గీత చూడగానే నాకు ఆగలేదు.

"నువ్వు ఏడవలేదే. నిద్రపోతుంటే వచ్చేశాను. బస్సులో నేనే ఏడ్చాను."

ఏ సంగతని అది అడగలేదు. వెంటనే అర్థమైపోయింది.

"లేచాక ఏడ్చానంట కదా. నీ చీర ఒకటి దండెం మీద ఉంటే దాన్ని పట్టుకుని వదల్లేదంట. నీకు తెలిస్తే ఉద్యోగం మానేసి వచ్చేస్తావని, ఎవరూ చెప్పొద్దని నెల్లూరులో అమ్మ అందరి చేతా ఒట్టు వేయించుకుందంట. ఆ ఏడు నేను సింగపూర్ నుంచి వెళ్ళినాక, అడిగితే చెప్పింది."

 అది లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. గేము దిగిపోయింది; అయినా అది వెంటనే లేవలేదు.

మర్నాడు అక్కకి ఫోన్ చేశాను. చీర మాట నేను ఎత్తలేదు. ఈ ఏడు ఆవకాయ కారం ఎక్కువైందని తను చెప్పింది, నాకో సీసా పంపమన్నాను.

మా వృత్తిలో కొత్తగా చేరేవాళ్ళకి మొదట చెప్పే పాఠం ఒకటుంది. మన పెట్టెలో పెట్టి చూసినంతవరకే మన ఫలితం. గేటు దాటాక డిస్కుకి ఏమైందో దాన్ని వాడినవాళ్ళు చెప్తే తప్ప మనకి తెలియదు. ఆ పాఠం ఏళ్ళ తరబడి నేనే చెప్పాను. నా ఇంటికీ వర్తిస్తుందని మాత్రం సెంగ్‌కాంగ్‌లో, హారిక ఇంట్లో తెలుసుకున్నాను. ఇక గేములకి ఏ డిస్కు కొనాలని నన్ను అడిగేవాళ్ళకి నా సలహా మారలేదు, వేగంగా ఉన్నదే కొనండి. పిల్లలతో చెప్పాల్సిన మాట ఏదైనా ఉంటే ముందు చెప్పేసి, తరవాత బిగించండి.