అమ్మ కోటు కింద హెల్మెట్

నా చిన్నప్పుడు అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో మా పక్కింటి అంకుల్ ఒక పెద్ద ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్. ఇక్కడి ఫుట్‌బాల్ తెలుసుగా, బంతి కోసం మనుషులు పొట్టేళ్ళలా గుద్దుకోవడమే. అలా గుద్దించడమే ఆయన ఉద్యోగం. ఆ ఏడు ఆఖరి మ్యాచ్ ఓడితే ఆ ఉద్యోగం ఊడుతుందని ఊరందరికీ తెలుసు. ఆ మ్యాచ్‌కి మమ్మల్ని పిలిచి, తన టీమ్ బెంచీ వెనకే మొదటి వరుసలో కూర్చోబెట్టారు.

ఆట చివర్లో, ఆయన టీమ్‌లో అందరికన్నా బలమైన కుర్రాడు అవతలివాడి తలని తలతో ఢీకొన్నాడు. ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ నా పళ్ళు జివ్వుమంటాయి. పడ్డాడు, లేచాడు, ముక్కులోంచి నెత్తురు కారుతుండగా నేరుగా అవతలి టీమ్ బెంచీ దగ్గరికి నడిచాడు. తనవాళ్ళెవరో మరిచిపోయాడన్నమాట.

వెనక్కి తీసుకొచ్చి కూర్చోబెట్టగానే, మళ్ళీ ఆడతానని రంకెలేశాడు. అంకుల్ చటుక్కున వాడి హెల్మెట్ లాగేసి, వెనక్కి తిరిగి మా అమ్మ ఒళ్ళో పడేశారు. అది లేకుండా ఎవరినీ ఆడనివ్వరు మరి. అమ్మ దాన్ని చలికోటు కిందికి తోసి గుండీలు పెట్టేసుకుంది.

"ఆర్ యూ క్రేజీ? ఇచ్చెయ్యవే, వాడు మనల్ని చంపేస్తాడు!" అన్నారు నాన్న.

"మీరు ఊరుకోండి. చూసేవాళ్ళు నాకు నిండు నెలలనుకుంటారు" అంది అమ్మ.

హెల్మెట్ కోసం వాడు బెంచీలు తిరగేశాడు. నీళ్ళ డ్రమ్ము తన్నాడు. చివరికి అంకుల్‌నే కొట్టాడు. పిడికిలితో, మొహం మీద, మళ్ళీ మళ్ళీ. పెదవి చీలింది, పన్ను ఊడి గడ్డిలో పడింది. అంత మనిషీ చెయ్యెత్తలేదు. "కొట్టరా, ఎంతసేపైనా కొట్టు. లోపలికి మాత్రం పంపను" అంటూ వాడిని కౌగిలించుకుని నిలబడ్డారు. కాసేపటికి వాడు ఆయన భుజం మీదే వాంతి చేసుకుని స్పృహ తప్పాడు.

టీమ్ మ్యాచ్ ఓడిపోయింది. ఆ సాయంత్రమే ఎవరో ఆయన కిటికీలు రాళ్ళతో పగలగొట్టారు. మర్నాడు ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఏ పెద్ద టీమూ ఆయన్ని పిలవలేదు. కుర్రాడు మాత్రం బతికాడు. తలలో నెత్తురు గడ్డకట్టిందని, ఇంకొక్క దెబ్బ తగిలుంటే లేచేవాడు కాదని డాక్టర్ అన్నాడట.

గాజుపెంకులు ఊడుస్తున్న అంకుల్‌ని, వాడి మీద కోపం లేదా అని అడిగాను. "అప్పుడు వాడికి నేనెవరో తెలీదు పాపా. వాడెవరో నాకు తెలుసుగా" అన్నారు, ఉబ్బిన పెదవులతో.

ఆ మాట నాలో ఉండిపోయింది. మొన్న మా చిన్నబ్బాయి తాగొచ్చి, కారు తాళాలు ఇవ్వమని నా చెయ్యి మెలిపెట్టాడు. గాజులు చిట్లి మణికట్టంతా నెత్తురైంది. గుప్పిట మాత్రం విప్పలేదు నేను.