గేదెను కట్టినట్టు కట్టాను

మా పెదపాడు వైపు ఎదకొచ్చిన గేదెను దాటించాలంటే పలుపు పొట్టిగా పట్టి, తల కొయ్యకు బిగించి కడతాం. తర్వాత దున్నపోతును వదులుతాం. గేదె ఇష్టం అడిగేవాళ్ళెవరూ లేరు. నేను చిన్నప్పటి నుంచి చూసింది అదే. గుర్రానికీ అంతేననుకున్నాను.

మా గోధుమరంగు ఆడగుర్రం పెళ్ళి ఊరేగింపుల్లో బాణాసంచాకు బెదిరి, ఇక పనికిరాదని అమ్మేస్తే మా ఇంటికి వచ్చింది. వచ్చిన కొత్తలో వెనక ఎవరు అలికిడి చేసినా తన్నేది. మా ఆవిడ రోజూ చెరువు గట్టు మీద దాని పక్కన నడుస్తూ, కబుర్లు చెబుతూ, నెమ్మదిగా దాన్ని మనుషుల్లో పడేసింది. దాని పిల్లను చూడాలని ఆవిడ కోరిక. భయమూ ఆవిడదే.

"మళ్ళీ బెదిరిందంటే ఈసారి నన్ను కూడా నమ్మదండీ," అనేది.

ఏలూరులో పెళ్ళిళ్ళకు గుర్రాలు తిప్పే సాయిబు గారు తన మగగుర్రాన్ని వ్యానులో మా చేపల చెరువు గట్టుకు తెచ్చారు. రెండింటి మధ్యా రొమ్మెత్తున లావుపాటి వెదురు గడ అడ్డం కట్టారు.

"ముందు పలకరించుకోనివ్వాలండీ. మీ గుర్రం సరేనంటేనే గడ తీద్దాం."

మగగుర్రం మెడ వంచి, ముక్కు చాపి సకిలించింది. మాది చెవులు వెనక్కి అణిచి, కీచుమని అరిచి, అటు తిరిగి గడను ఫెడీమని తన్నింది.

"ఈవేళ కాదండీ. ఎల్లుండి చూద్దాం," అన్నారాయన.

అప్పటికే పక్క చెరువుల వాళ్ళు గట్టు మీద చేరారు.

"ఏవండోయ్, పెళ్ళికూతురికి సంబంధం నచ్చలేదంటండీ!"

"పక్కూళ్ళో ఇంకో వరుడున్నాడంట, కబురెట్టమంటారా?"

అందరూ నవ్వారు. నలుగురూ నవ్వితే నాకు ఒళ్ళు తెలియదు. మా ఇంట్లో చాలా గొడవలు అలాగే మొదలయ్యాయి.

"కొయ్యకు బిగించేద్దామండీ," అన్నాను.

"గేదె కాదండీ బాబూ అది," అన్నారు సాయిబు గారు.

"భయం మీ గుర్రానికా, మీకా?"

నాకంటే పెద్దాయన. ఆయన మొహం మాడిపోయింది. గడ ముడి విప్పారు. "వద్దండీ" అంటూ మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. విదిలించుకుని పలుపు బిగించాను.

మగగుర్రం దగ్గరకు రాగానే మాది ఒళ్ళంతా వెనక్కి విసిరింది. వెనక కాళ్ళు రెండూ దాని రొమ్ముకు తగిలాయి. అది పక్కకు తూలి సాయిబు గారిని గట్టు కిందకు నెట్టేసింది. మా గుర్రం వెనక్కి గుంజుకునే కొద్దీ పలుపు బిగిసి గుడ్లు తేలేస్తోంది. నేను వేసిన ముడి నా చేతికే రాలేదు. మా ఆవిడ గడ్డి కొడవలితో పలుపు కోసేసింది.

సాయిబు గారి మణికట్టు వాచింది. గుర్రాన్ని వ్యానులో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. నేను క్షమించమనైనా అడగలేదు.

ఆ తర్వాత మా గుర్రం నన్ను చూస్తే దాణా వదిలేసి మూలకు పోయేది. మా ఆవిడ చేతిలో మాత్రం తినేది, అదీ తాడు కనబడనంతసేపే. ఆవిడ నాతో పోట్లాడలేదు. మళ్ళీ మొదటి నుంచి గట్టు మీద నడక మొదలుపెట్టింది.

నేను ఏలూరు వెళ్ళి సాయిబు గారి గుమ్మంలో నిలబడ్డాను.

"తప్పు నాదేనండీ. గుర్రాలది కాదు. మళ్ళీ ఒక్కసారి రావాలండీ."

ఆయన టీ తెప్పించారు. మగగుర్రానికి దెబ్బ మానిందని చెప్పారు.

"వస్తానండీ. ఆ రోజు మీరు మాత్రం అక్కడ ఉండకండి," అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, నవ్వులాటకు అన్నది కాదు.

మా గుర్రం మళ్ళీ ఎదకొచ్చాక ఆయన వచ్చారు. నేను అవతలి చెరువు గట్టున, చేపల మేత షెడ్డు వెనక కూర్చున్నాను. వ్యాను ఆగిన చప్పుడు. కాసేపటికి కీచుమని ఒక అరుపు. లేచి నిలబడ్డాను. వెళ్ళి ఏదో ఒకటి చెయ్యాలని కాళ్ళు అటు లాగాయి. నేను చేసేదేమిటో నాకు తెలుసు. షెడ్డు గుంజ పట్టుకుని మళ్ళీ కూర్చున్నాను. ఆ తర్వాత ఏమీ వినబడలేదు. అది మంచికో చెడుకో అర్థం కాలేదు.

చాలాసేపటికి ఫోను మోగింది.

"గడ తీశామండీ. కదలకుండా నిలబడింది. రెండూ జతకట్టాయి," అంది మా ఆవిడ.

"రానా?"

"ఇప్పుడే వద్దండీ. తాడు లేకుండా నా పక్కన నిలబడి ఉంది."