ఎర్ర వైర్ల కారు

అంబాసిడర్ కారు డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా దూరిన మనిషికి లోకం రెండు జానల మేర మిగులుతుంది. కాళ్లు బయట ఎండలో, తల క్లచ్ పెడలు పక్కన, ముక్కుకు తగులుతూ వైర్ల కట్ట. మామూలు కార్లలో ఆ కట్టకు రంగులుంటాయి, రంగును బట్టి ఏ వైరు ఎటు పోతుందో తెలుస్తుంది. చంద్రకాంత్ పటేల్ తెల్లకారులో మాత్రం అన్నీ ఎర్రవే. లైట్లకూ ఎరుపే, హారనుకూ ఎరుపే, వైపరుకూ ఎరుపే. పడుచువయసులో రేవప్ప స్వయంగా లాగిన వైర్లవి.

బీదర్‌లో అతనికి కార్ల కరెంటు పని నేర్పిన ఉస్తాద్ ఒక మాట చెప్పేవాడు. "రంగు రంగులేస్తే గిరాకి రేపు ఇంకోని తాన్కి పోతది బేటా. అంత ఒక్కటే రంగెయ్, లెక్క నీ తలకాయల పెట్టుకో." ఉస్తాద్‌ను తప్పుపట్టి లాభం లేదు. మందులో కలిపే ఒక్క ఆకు పేరు మాత్రం కొడుక్కి కూడా చెప్పని నాటువైద్యులు, చివరి ముడి చాటున వేసుకునే మంచాల నవారు అల్లేవాళ్లు ఏ దిక్కుకు పోయినా కనిపిస్తారు. విద్య దాచుకోవడం లేనివాడి బీమా. రేవప్ప బీమా బాగానే పండింది. ఆ కారును నారాయణఖేడ్‌లో మరే మెకానిక్కూ ముట్టుకోలేదు.

కందుల వ్యాపారం చేసే పటేల్‌కు ఆ కారు మీద సొంత సవారీ ఎప్పుడో తగ్గిపోయింది. అది పెళ్లికారైంది. చుట్టుపక్కల ఎవరి బరాత్ అయినా పెళ్లికొడుకు అందులోనే ఎక్కాలి, కంగ్టి నుంచి కూడా అడిగి తీసుకుపోతారు. నడివీధిలో లైట్లు పోతే అపశకునమని డ్రైవరు నర్సింగ్ పక్కన రేవప్ప కూర్చోవడం మొదట జాగ్రత్తగా మొదలై, తర్వాత ఆచారమైపోయింది. ఎవరెవరివో పెళ్లిళ్లు. వెనుక సీటు మీదికి విసిరిన అక్షింతలు సగం అతని భుజాల మీదే పడేవి. బ్యాండు ముందు కుర్రకారు ఆడినంతసేపూ కారు నత్తలా పాకేది, అతను ఒళ్లో టెస్ట్ బల్బు పెట్టుకుని అద్దంలోంచి చూస్తూ ఉండిపోయేవాడు. సొంత చెల్లెలి కూతురి పెళ్లినాడు కూడా వేరొకరి బరాత్‌లోనే ఉన్నాడు.

వానాకాలం పోయేసరికి అతని దుకాణానికి వచ్చే బండ్లు తగ్గిపోయాయి. కొత్త బండ్లకు కంప్యూటరు పెట్టి చూస్తున్నారు. భార్య శివగంగ జహీరాబాద్‌లో తన తమ్ముడు బస్వరాజ్ దగ్గరికి ముందే వెళ్లింది. అతను బ్యాటరీ ఆటోల దుకాణం పెడుతున్నాడు, అందులో మరమ్మతు పని బావకే ఇస్తానన్నాడు, రేపు పొద్దున పూజ. ఇదివరకు రెండుసార్లు వస్తానని రేవప్ప ఆగిపోయాడు, రెండుసార్లూ పెళ్లికారే అడ్డం. ఈసారి బస్వరాజ్ ఫోన్లో తేల్చేశాడు. "బావా, రేపు పూజల లేకపోతే ఆ కుర్సీల ఇంకోడు గూసుంటడు. నన్ను మల్ల అనొద్దు."

అందుకే మధ్యాహ్నం దుకాణానికి తాళం వేసి, సంచి భుజాన వేసుకుని రేవప్ప బస్టాండుకు నడిచాడు. నర్సింగ్ తెల్లకారుతో వచ్చి అక్కడే పట్టుకున్నాడు.

"కాకా, యాడికి? లైట్లు సచ్చినయ్! పొద్దుగూకంగనే బరాత్ ఉన్నది. పటేల్ నా పానం తింటుండు."

"గీ బస్టాండు మెకానిక్ తిరుమలకు సూపియ్యరాదు?"

"సూపిచ్చిన. బానెట్ తెరిసిండు, ఎర్రగ సూసిండు, మూసిండు."

ఇగ దూరక తప్పలేదు. హెడ్‌లైట్ల బటను నొక్కితే బొగ్గుల కుంపటిలా మసగ్గా వెలిగాయి. హారను కొడితే అవీ ఆరాయి. బ్రేకు తొక్కితే వెనుక వెలగాల్సింది పోయి ముందు చిన్న బల్బులు మినుక్కుమన్నాయి. ఒకటి నొక్కితే ఇంకొకటి పలుకుతోందంటే కరెంటు వచ్చే దారి బాగానే ఉండి, తిరిగిపోయే దారి మూసుకుపోయిందని అర్థం. రేవప్ప కింది నుంచి లేచి, బానెట్ కింద ఎర్త్ బోల్టు విప్పాడు. పెళ్లిళ్ల సీజన్ అని పటేల్ పోయిన వారమే కారుకు కొత్త రంగు వేయించాడు. పెయింటరు బోల్టు కింద రేకు మీద కూడా తెల్లగా కొట్టేశాడు, ఆ రంగే కరెంటుకు అడ్డం పడింది. గరుకు కాగితంతో రుద్ది, రేకు మెరిశాక బిగిస్తే రెండు లైట్లూ పట్టపగలు కళ్లు పొడిచాయి.

పక్కనే నిలబడి మిర్చీ తింటున్న తిరుమల నోరు తెరిచాడు. బస్టాండు ముందు అతనిదీ ఇదే పని. "గింతేనా కాకా?"

"గింతే. నా వైర్ల తప్పేం లేదు. రంగులుంటే నువ్వే పట్టేటోనివి." రేవప్ప గొంతు తగ్గించాడు. "రా, ఏది ఎటు పోతదో అంత జెప్త. ఇప్పుడే నేర్సుకో."

తిరుమల రెండడుగులు వెనక్కి వేశాడు. "నాకొద్దు. నేర్సుకుంటే నన్ను గూడ గా ముందు సీట్ల గూసోబెడ్తరు. నా పెండ్లానికి నేను గావాలె కాకా."

నర్సింగ్ పగలబడి నవ్వాడు. రేవప్పకు నవ్వు రాలేదు. తను దాచుకున్న విద్యను ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. అప్పుడే ఫోను మోగింది. శివగంగ. భయపడితే ఆమె నోట కన్నడమే వస్తుంది. "ఎల్లిదీరి? యాడున్నరు? బస్సెక్కినరా?"

"ఎక్కుత," అని పెట్టేశాడు.

బ్యాటరీ తీగ విప్పి, కత్తెర పట్టుకుని మళ్లీ కింద దూరాడు. ఇంజను స్టార్టయ్యే వైర్లు మాత్రం ముట్టుకోలేదు. మిగతావన్నీ తెంపి బయటికి లాగాడు. తర్వాత తిరుమల దుకాణం నుంచి నల్లవి, పచ్చవి, నీలివి తెప్పించి, మధ్యలో ఫ్యూజులు పెట్టి, ముందు లైట్లు, వెనుక లైటు, బ్రేకు, హారను వరకు తిన్నగా కొత్త వైర్లు లాగాడు. ఎవడు చూసినా తెలిసేటట్టు. ఎండ వాలేదాకా అదే పని. జహీరాబాద్ బస్సు ఒకటి అతని కాళ్ల పక్కనుంచే వెళ్లిపోయింది.

పటేల్ వచ్చేసరికి రోడ్డు మీద ఎర్ర వైర్ల కుప్ప.

"ఏందిరా గిది? నా కారు పేగులన్ని బయటేసినవ్?"

"ఇంకోనికి సమజ్ గావద్దని అప్పుడు నేనే గట్ల ఏసిన పటేలా. తప్పయింది."

పటేల్ కాలితో కుప్పను కదిపాడు. "గది నాకు ఎప్పటి సందో ఎర్క."

"ఎర్కుండి ఊకున్నరా?"

"నువ్వు యాడికి పోవనే గదరా ఊకున్న."

ఆ మాటలో కోపం లేదు, ప్రేమే ఉంది. రేవప్పకు అదే ఎక్కువ ఊపిరాడనివ్వలేదు. ఇన్నేళ్లూ తాడు తనే పేనాడు, కొస మాత్రం పటేల్ చేతిలో ఉండిపోయింది.

"గీ బటన్ లైట్లది, గిది హారన్ది," అన్నాడు నర్సింగ్‌కు చూపిస్తూ. "ఇండికేటర్లు, వైపరు తిరుమల రేపు ఏస్తడు, ఇప్పుడు ఏసినయన్నిటికి రంగులున్నయ్."

"మరి ముందు సీట్ల ఎవడు గూసుంటడు?" అడిగాడు పటేల్.

"ఎవ్వరు అక్కర్లేదు."

పటేల్ కారు ముందు తలుపు తీసి ఆ ఖాళీ సీటు వైపు చూసి, మెల్లగా మూశాడు. రేవప్ప సంచి తీసుకున్నాడు.

బస్టాండులో తర్వాతి బస్సుకు కాచుకుని ఉండగా పొద్దుగూకింది. బ్యాండు దగ్గరైంది. తెల్లకారు పూలతో, రెండు లైట్లతో మూల తిరిగింది. దాన్ని బయట నుంచి చూడటం రేవప్పకు కొత్త. పెళ్లికొడుకు నిద్రమొహం, నర్సింగ్ గర్వం కనిపించాయి, ఎడమ లైటు కొంచెం పైకి చూస్తున్నదీ కనిపించింది. ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. లైటు గూటిలోని స్క్రూ ఒక చుట్టు తిప్పితే చాలు. స్క్రూడ్రైవరు సంచిలో పైనే ఉంది.

"జహీరాబాద్, జహీరాబాద్! ఎక్కుతవా లేదా పెద్దమనిషీ?" కండక్టరు అరిచాడు.

ఎక్కాడు. కిటికీ పక్కన చోటున్నా లోపలి సీట్లో, రోడ్డు కనపడని చోట కూర్చుని, బ్యాండు చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా సంచి మూతి రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.