క్యాసెట్ మార్పిడి

మా ఆయనకు సికింద్రాబాద్‌లో, మోండా మార్కెట్ వెనక సందులో, టీవీ గేముల దుకాణం ఉండేది. ఈ వేసవి సెలవుల్లో కూడా గిరాకీ రాకపోతే ఖాళీ చేసేద్దామని ఇద్దరం అనుకున్నాం. ఇద్దరం అనుకున్నామన్న మాటే గానీ, అంతపనీ అవుతుందని భయపడింది నేనొక్కదాన్నే. ఆయన రోజూ పొద్దున్నే మల్కాజ్‌గిరిలో రైలెక్కి వచ్చి షట్టర్ ఎత్తేవాడు. వంట ముగించి క్యారియర్ పట్టుకుని వెనకాలే నేను.

పెళ్లయిన కొత్తలో ఆ దుకాణంలో కాలు పెట్టడానికి సందుండేది కాదు. పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచే పిల్లలు తండ్రులను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవారు. గేము పెట్టె అమ్మితే మాకు మిగిలేది తక్కువ. మా బతుకంతా ఆ పెట్టెలో పెట్టి ఆడే గేము క్యాసెట్లలో ఉండేది. ఆడి ఆడి విసుగెత్తిన క్యాసెట్ తెచ్చి, పైన కొంచెం ఇచ్చి, ఇంకోటి పట్టుకెళ్ళడం మా దుకాణం పద్ధతి. పెట్టె కొన్నవాడు వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేవాడు. వాడు తెచ్చిన క్యాసెట్‌ను మా ఆయన నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊది, దుకాణం టీవీలో నడుస్తుందో లేదో చూసి, అప్పుడు గానీ ఇంకోటి ఇచ్చేవాడు కాదు.

తర్వాత ఫోన్లు వచ్చి మా నోట్లో మట్టి కొట్టాయి. ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్ముకుంటూ నెట్టుకొచ్చాం. ఆ పనంటే ఆయనకు చచ్చేంత చిరాకు. అటకెక్కిన గేము పెట్టెలను మాత్రం మాటిమాటికీ దించి తుడిచేవాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది.

నిరుడు ఉన్నట్టుండి గాలి మళ్ళింది. ఉద్యోగాలు చేసుకునే కుర్రాళ్ళు పాత టీవీ గేమ్ కావాలంటూ వెతుక్కుంటూ వచ్చారు. పెట్టెను చూసి ఒకటే కేరింతలు, ఫోటోలు. బేరమైనా ఆడలేదు. అటక మీదవన్నీ అయిపోయి, కొత్త టీవీలకు తగిలించుకునేవి తెప్పిస్తే అవీ పోయాయి. మా ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

“మన రోజులు మళ్ల షురూ అయినయే. ఇగ ఈ కవర్ల గోల మనకొద్దు.”

“చార్జర్లన్న ఉంచుండ్రి. రోజూ నాలుగైనా పోతయి.”

“నీకు తెల్వదు. పెట్టె కొన్నోడు క్యాసెట్‌కు రాక ఏడికి పోతడు?”

కవర్లు, చార్జర్లు పక్క దుకాణానికి ఇచ్చేసి గోడ నిండా క్యాసెట్లు పేర్చాడు. ఒక్కరంటే ఒక్కరు తిరిగి రాలేదు. కొన్నవాళ్ళు ఒక సాయంత్రం ఆడుకుని, ముచ్చట తీరాక షోకేసులో పెట్టేసుకున్నారు. వాళ్ళ పిల్లలు కాసేపు చూసి ఫోన్లలో మునిగిపోయి ఉంటారు. గోడ నిండా క్యాసెట్లు, వాటి ముందు స్టూలు మీద మా ఆయన. అరవాలని నోటిదాకా వచ్చిన మాట ఆ మొహం చూసి మింగేసేదాన్ని.

మే నెల సగమైంది. ఒక ఆదివారం పొద్దున, మా ఆయన ఊదొత్తులు వెలిగిస్తుంటే, నిరుడు మా దగ్గర గేమ్ కొన్న ఒకాయన సంచీతో వచ్చాడు. సంచీ చూడగానే మా ఆయన మొహం విచ్చుకుంది. స్టూలు లాగి వేశాడు. నా చేత సందు చివరి హోటల్లో మూడు చాయ్‌లు చెప్పించాడు.

“రండి సార్. ఏ క్యాసెట్ ఇయ్యమంటరు?”

“క్యాసెట్ కాదన్నా. ఇల్లు మారుతున్నం, పెట్టుకోనీకి జాగ లేదు. పారేయ బుద్ధి కాలే. పైసలు గిట్ల ఏం వద్దు, నీ దగ్గరనే ఉంచుకో.”

పెట్టె, రిమోట్లు, ఒక క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు. మా ఆయన ఆ క్యాసెట్ తీసుకుని ఉఫ్‌మని ఊదాడు. టీవీలో వేసి చూశాడు. నడిచింది. గోడ దగ్గరికి వెళ్ళి, చాలాసేపు వెతికి, ఇంకో క్యాసెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

“ఒకటి తెస్తే ఒకటి ఇచ్చుడు మా పద్ధతి సార్.”

వచ్చినాయన నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. పాపం, మంచివాడు. తీసుకుని, చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఒక చాయ్ తగ్గించమని చెప్పడానికి హోటల్‌కు వెళ్తే, ముందున్న బెంచీ మీద ఆ క్యాసెట్ కనిపించింది. ఆయన మీద నాకు కోపం రాలేదు. పెట్టె ఇచ్చేసినవాడు దాన్నేం చేసుకుంటాడు? అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఎవరైనా చూస్తారని కొంగు చాటున తెచ్చి నా బ్యాగులో వేసుకున్నాను.

సాయంత్రం దాకా మరెవరూ రాలేదు. షట్టర్ దించుతూ మా ఆయన సగంలో ఆగిపోయాడు.

“పెట్టె ఈడనే ఇచ్చిపాయె గద. సారు ఆ క్యాసెట్ దేంట్ల ఆడతడే?”

బ్యాగును చంకలోకి అదుముకుని, రెండో చెయ్యి షట్టర్ మీద వేశాను. ఇద్దరం కలిసి కిందికి లాగాం. మర్నాడు పొద్దున ఆయన రైలుకు బయల్దేరలేదు. నేను కూడా క్యారియర్ సర్దలేదు.