ఇర్వింగ్ నుంచి బెంటన్‌విల్‌కి, డిక్కీలో బియ్యంతో

మేమిద్దరం అమెరికాలో మా ఊరు ఇర్వింగ్‌లో ఏ గుడికి వెళ్ళినా, ఏ పుట్టినరోజు భోజనానికి వెళ్ళినా రెండు కార్లలో వెళ్తాం. ముందు నా అరవై ఎనిమిది మోడల్ మెరూన్ రంగు అమెరికన్ కారు, దాని వెనక మా ఆవిడ సుజాత తన చిన్న కారులో. మేం పోట్లాడుకున్నామని చూసేవాళ్ళు అనుకుంటారు. అదేం లేదు. దారి పొడుగునా ఫోన్‌లో మాట్లాడుకుంటూనే వెళ్తాం. "పక్క లేన్‌లోకి జరుగుతున్నారు, కావాలనేనా?" అని వెనక నుంచి అడుగుతుంది. చాలాసార్లు కావాలని కాదు.

రెండేళ్ళ కిందట, కారు కొన్న మూడో వారంలో, హైవే ఎక్కే ర్యాంప్ మలుపు తిరుగుతుంటే అది పడవలా ఒరిగి పక్క లేన్‌లోకి పోయింది. ఆ లేన్‌లో ఒక పెద్ద ట్రక్కు వస్తోంది. ఏమీ కాలేదు. కానీ సుజాత రోడ్డు పక్కన గడ్డిలో కూర్చుని వాంతి చేసుకుంది, తర్వాత ఏడ్చింది. ఆ రోజు నుంచి మళ్ళీ ఆ కారెక్కలేదు. కార్ల ప్రదర్శనలకి తీసుకెళ్తే ముక్కూమొహం తెలియనివాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాది రచ్చలో గెలిచి ఇంట్లో ఓడిన కారు.

ఈ మే నెలలో అర్కాన్సా రాష్ట్రం బెంటన్‌విల్‌లో ప్రసాద్ ఇంటి గృహప్రవేశం వచ్చింది. ప్రసాద్ వరంగల్ వాడు, నాతో పాత ప్రాజెక్టులో పని చేశాడు. బెంటన్‌విల్‌కి అరగంట దూరంలో డేల్ అనే పెద్దాయన ఉన్నాడని, పాత కార్ల సస్పెన్షన్, అంటే కుదుపులు ఆపే స్ప్రింగుల సెట్టు, మొత్తం విప్పి కొత్త సామానుతో బిగిస్తాడని అతనే చెప్పాడు. నేను సుజాతతో ఒక ఒప్పందం చేసుకున్నాను. తను శుక్రవారం ఫ్లైట్‌లో రావాలి. ఆదివారం నా కారులో తిరిగి వస్తే సరే. రాకుండా ఫ్లైటే ఎక్కితే సోమవారం కారు అమ్మకానికి పెడతాను. సుజాత వెంటనే ఒప్పుకుని రానూపోనూ టికెట్ బుక్ చేసింది.

గురువారం ఉదయం ఆరూ పదికి బయల్దేరాను. డిక్కీలో ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలు ఎనిమిది ఉన్నాయి. ఇర్వింగ్ నుంచి బెంటన్‌విల్‌కి ఎవరైనా వస్తున్నారంటే అక్కడి తెలుగువాళ్ళకి ఒక గంటలో తెలిసిపోతుంది, రెండో గంటలో లిస్టు వస్తుంది. బియ్యం కాక వెనక సీటు మీద అరిటాకులు, గోంగూర కట్టలు, మునక్కాడలు. ఇటుగా వెళ్ళేవాళ్ళకి చెప్పేదేంటంటే, మునక్కాడలు అడ్డంగా పట్టే కారు ఈ రోజుల్లో దొరకదు. నా దాంట్లో పడతాయి.

ఎనిమిదీ యాభైకి ఓక్లహోమాలో మెకాలిస్టర్ దగ్గర గ్యాస్‌కి ఆగాను. పక్క పంపు దగ్గర టోపీ పెట్టుకున్న ముసలాయన కారుని ముందు నుంచి వెనకదాకా చూశాడు. వాళ్ళ నాన్నకి సరిగ్గా ఇలాంటిదే ఉండేదట. బాగుండేదా అని అడిగాను. "తిన్నగా వెళ్ళేటప్పుడు బాగుండేది" అన్నాడు. దారిలో నాకు దొరికిన అసలైన సాంకేతిక సలహా అదే.

పన్నెండున్నరకి డేల్ షెడ్డు చేరాను. డెబ్భై ఏళ్ళుంటాయి, మాట తక్కువ. కారు ముందు భాగాన్ని అరచేత్తో ఒకసారి కిందికి నొక్కి వదిలాడు. అది నాలుగుసార్లు ఊగి, ఇంకా ఊగుతూనే ఉంది. అయిదోసారి ఊగేదాకా ఆగి, నావైపు చూశాడు. చేయాల్సిన పని ముందే మాట్లాడుకున్నాం: ముందు స్ప్రింగులు, నాలుగు షాకబ్జర్లు, అరిగిన రబ్బరు బుష్‌లు, స్టీరింగ్ బాక్స్, మలుపుల్లో కారు ఒరక్కుండా పట్టి ఉంచే లావుపాటి స్టీలు కడ్డీ. ఖర్చు ఎంతో ఇక్కడ రాయను. ఇది మా ఆవిడ కూడా చదువుతుంది.

చివర్లో ఆయన ఒక అట్టముక్క తీసుకుని, ఈ కారులో మామూలుగా ఎవరెవరు కూర్చుంటారని అడిగాడు. ఖాళీ కారుకి అలైన్‌మెంట్ చేయడట. ఎక్కేవాళ్ళ బరువుకి సరిపడా ఇసక సంచులు సీట్లలో పెట్టి, అప్పుడు చక్రాలు సరిచేస్తాడట. నేనొక్కడినే అని చెప్పాను. నా బరువు రాసుకున్నాడు.

ఈలోగా నన్ను తీసుకెళ్ళడానికి ప్రసాద్ వచ్చాడు. అతని కారు నిండా పూలదండలు, హోమం సామాన్లు, రెండు అరటి పిలకలు. అరిటాకులూ కూరలూ మాత్రం ఎలాగో కుక్కాం. "బియ్యం యాడికి పోతయన్నా, ఉండనీ" అన్నాడు. ఈ పాత కార్లకి డిక్కీ తాళం వేరే ఉంటుంది. ఇంజిన్ తాళం డేల్‌కి ఇచ్చాను. డిక్కీ తాళం నా జేబులో ఉండిపోయింది.

శుక్రవారం ఉదయం డేల్ ఫోన్ చేశాడు. వెనక కమాన్లు, అంటే చక్రాల మీది పట్టీ స్ప్రింగులు, చచ్చుబడ్డాయట, కారు తోక రెండంగుళాలు కిందికి దిగిపోయిందట. రెండు పక్కలా చెరో పట్టీ అదనంగా వేయమంటావా అన్నాడు. నేను ప్రసాద్ ఇంట్లో గుమ్మానికి మామిడాకులు కడుతూ స్టూలు మీదున్నాను. అవసరమైనవన్నీ వేయమన్నాను. నూట అరవై పౌండ్ల బియ్యం మోస్తే ఏ కారు తోకైనా దిగుతుందని ఆ స్టూలు మీద నాకు తట్టలేదు. పట్టుమని పది ఆకులు కూడా కట్టలేదు అప్పటికి.

సాయంత్రం అయిదింటికి కారు తెచ్చుకున్నాను. ఆ అరగంట డ్రైవింగ్ నా జీవితంలో మర్చిపోలేను. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరిగింది. మలుపుల్లో కారు నిటారుగా నిలబడింది. డిక్కీలో బియ్యం అలాగే ఉన్నాయి. శుక్రవారం రాత్రి సుజాత దిగింది. ఆదివారం నీ టికెట్ దండగే అన్నాను. చూద్దాం అంది.

శనివారం గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, భోజనాలు సవ్యంగా జరిగాయి. పులిహోర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భోజనాలయ్యాక ఎవరి బస్తా వాళ్ళు మోసుకుపోయారు. నాలుగింటికి నేను సుజాతని కారులో కూర్చోబెట్టాను. ఎక్కేముందు తను కారుని దూరం నుంచి చూసి, ఇదేంటి ఇలా నిలబడింది అని అడిగింది. కారు వెనక కాళ్ళ మీద లేచి, ముందు కాళ్ళు ఇంకా లేపని ఆవులా ఉంది. కొత్త కమాన్లు కదా, సర్దుకుంటాయి అన్నాను.

వీధి చివర రైలు పట్టాలున్నాయి. వాటి మీద ముందు చక్రాలు నెమ్మదిగానే దాటాయి. వెనక చక్రాలు ఎగిరాయి. దిగేటప్పుడు కారు పక్కకి జరిగింది. సుజాత డాష్‌బోర్డు పట్టుకుంది. "ఆపండి" అంది. ఆపాను. దిగి, తలుపు మెల్లగా వేసింది.

"ఇదివరకు ఊగేది. ఇప్పుడు ఎగురుతోంది. ఎగరడానికైతే నాకు టికెట్ ఉంది" అంది.

ఇంటిదాకా నడిచే వచ్చింది. నేను పక్కనే అయిదు మైళ్ళ స్పీడులో కారు పోనిచ్చాను. తను నావైపు చూడలేదు. నాకు కోపం రాలేదు. భయపడ్డ మనిషిని మళ్ళీ భయపెట్టానని సిగ్గేసింది.

ఆదివారం ఉదయం డేల్‌కి ఫోన్ చేస్తే చర్చి అయ్యాక పదకొండున్నరకి రమ్మన్నాడు. సుజాత ఫ్లైట్ నాలుగూ ఇరవైకి. ఎయిర్‌పోర్ట్ ఆ పక్కనే కాబట్టి తను సూట్‌కేసుతో సహా ప్రసాద్ కారులో నా వెనకే వచ్చింది. ఆ విషయంలో మా ఇంటి ఆచారం అర్కాన్సాలో కూడా తప్పలేదు.

డేల్ డిక్కీ తాళం అడిగి తీసుకుని తెరిచాడు. ఏదో బస్తా కుట్టు ఊడినట్టుంది, అడుగున గుప్పెడు బియ్యం పోసి ఉన్నాయి. ఇందులో ఏముండేదని అడిగాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు కదా అని బరువుతో సహా చెప్పాను. ఆయన డిక్కీ మూత వేశాడు. "అయితే నేను కొలిచింది మీ బియ్యాన్ని" అన్నాడు. ప్రసాద్ ఏదో ముఖ్యమైన కాల్ వచ్చినట్టు షెడ్డు బయటికి వెళ్ళి నవ్వుకున్నాడు.

అదనంగా వేసిన పట్టీలు తీసేసరికి పన్నెండూ యాభై అయింది. కారు నేలకి సమంగా నిలబడింది. ఇక అలైన్‌మెంట్ మళ్ళీ చేయాలి. డేల్ గోడకి గుచ్చిన అట్టముక్క తీసి, ఈసారి గట్టిగా అడిగాడు, ఈ కారులో ఎవరెవరు కూర్చుంటారని. సుజాత రెండడుగుల దూరంలో ప్లాస్టిక్ కుర్చీలో ఫోన్ చూసుకుంటోంది. నేను తనవైపు చూశాను. తను తలెత్తింది.

"మొన్న ఏం చెప్పారు?"

"నేనొక్కడినే అని చెప్పాను."

"అలా ఎందుకు చెప్పారు?"

"నిజమే కదా. రెండేళ్ళుగా ఒక్కడినే తిరుగుతున్నాను. నాకు బాగుండట్లేదు."

ఈ చివరి మాట నేను ఇంట్లో ఎప్పుడూ అనలేదు. మెకానిక్ షెడ్డులో అంటానని అనుకోలేదు. సుజాత హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని లేచింది. పక్క సీటు తలుపు తెరుచుకుని కూర్చుంది. ఇసక సంచులు అక్కర్లేదు, నేనే ఉన్నాను అని డేల్‌కి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోమన్నాడు. తన బరువు అడగలేదు. పెద్దమనిషి.

నలభై నిమిషాలు కారు కదలకుండా ఉంది, మేమిద్దరం అందులో కూర్చున్నాం. కింద డేల్ బోల్టులు తిప్పుతున్నాడు. ఆ నలభై నిమిషాల్లో తను ట్రక్కు గురించి మాట్లాడింది. దాని రంగు, డ్రైవర్ మొహం, హారన్ మోత, అన్నీ గుర్తున్నాయట. రెండేళ్ళుగా నా వెనక డ్రైవ్ చేసింది కోపంతో కాదట, నాకేమైనా అయితే వెంటనే చూసే మనిషి ఉండాలనట. ఇంతకాలం నాకు అది తెలియదు.

డేల్ లేచి, అయిపోయింది, దిగొచ్చన్నాడు. నేను దిగాను. తను దిగలేదు. ప్రసాద్ వచ్చి, ఎయిర్‌పోర్ట్‌కి టైమ్ అవుతోంది వదినా అన్నాడు.

"ఇప్పుడు దిగితే ఆయన చేసిన లెక్క మారిపోతుందేమో. ఆ సూట్‌కేసు ఇందులో పెట్టెయ్యి" అంది.

ఒంటిగంటా యాభైకి బయల్దేరాం. ఫేయెట్‌విల్ దాటాక కొండల్లో రోడ్డు మలుపులు తిరుగుతుంది, లోయల మీద ఎత్తైన వంతెనలుంటాయి. మొదటి వంతెన మీద సుజాత తలుపు పిడి పట్టుకుంది. రెండో దాని మీద చున్నీ కొస పట్టుకుంది. సొరంగం దాటేసరికి చేతులు ఒళ్ళో ఉన్నాయి. మూడూ నలభైకి ఓక్లహోమాలో ఒక రెస్ట్ ఏరియాలో ఆగి, బల్ల మీద ప్రసాద్ వాళ్ళు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. ఇదే దారిలో వెళ్ళేవాళ్ళు ఆ రెస్ట్ ఏరియాలో ఆగొచ్చు, నీడ బాగుంది.

అక్కణ్ణించి దక్షిణానికి తిరిగే రోడ్డు అక్కడక్కడా గతుకులు. ప్రతి గతుకు ముందూ నేను ఊపిరి బిగబట్టాను. నాలుగో గతుకు దాటాక పక్కకి చూస్తే తను నిద్రపోతోంది. తల కిటికీకి ఆనించి, నోరు కొద్దిగా తెరిచి. మెకాలిస్టర్‌లో గ్యాస్‌కి ఆగాల్సింది. పెట్రోలు ముల్లు పావు మీదుంది, అయినా ఆగలేదు.

అటోకా ఊరి ముందు, ఆరవుతుండగా, కళ్ళు తెరవకుండానే ఇంకా ఎంతసేపు అని అడిగింది.

"రెండు గంటలు" అన్నాను.

"అంతేనా" అని మళ్ళీ నిద్రపోయింది.

అరవై అయిదు మైళ్ళ స్పీడులో వెళ్తున్నవాణ్ణి అరవైకి తగ్గించాను.