కొలతకు తగ్గ గిటారు

బస్సు మలుపు తిరిగినప్పుడల్లా గిటారు పెట్టె వెళ్ళి పక్కాయన మోకాలికి కొట్టుకుంటోంది. టైలరమ్మ మూడోసారి "ఏమీ అనుకోకండి" అంది.

"అనుకోను గానీ, లోపల ఎలక్ట్రిక్ గిటారేనా? ఒకసారి చూడొచ్చా?"

దారిలో పెట్టె విప్పమనేవాళ్ళు రెండు రకాలు: కాజేసేవాళ్ళు, పని తెలిసినవాళ్ళు. ఆయన గోళ్ళలో చెక్కపొడి చూసి టైలరమ్మ పెట్టె విప్పింది.

"వేళ్ళు నొప్పి, ఇక మానేస్తానంటోంది మా అమ్మాయి. కొట్టువాడు వాపసు తీసుకోవడానికైనా, మార్చి ఇవ్వడానికైనా పెట్టిన గడువు ఇవాళ్టితో సరి. ఇచ్చేసి చేతులు దులుపుకుందామని పోతున్నాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

కిటికీ పక్కనున్న పదకొండేళ్ళ పిల్ల ముఖం అటు తిప్పుకుంది.

ఆయన ఒంటికన్ను మూసి గిటారు మెడ పొడుగునా చూశాడు.

"ఈసారి మద్దెల నిజంగానే ఓడమ్మా. మెడ మెలితిరిగింది. వంగితే సరిచేస్తాను గానీ, మెలి నావల్ల కాదు. తీగలు ఇంత ఎత్తునుంటే నా వేళ్ళకే కష్టం. అయినా ఇంత బరువు, ఇంత పొడుగు ఎందుకు కొన్నట్టు?"

"ఎదిగే పిల్ల కదా, గౌను కుట్టినట్టే అనుకుని..."

పిల్లల గౌన్లకు రెండేళ్ళకు సరిపడా గుడ్డ లోపలికి మడిచి కుట్టే చెయ్యి ఆమెది. గిటారుకూ అదే లెక్క వేసింది.

"గౌనైతే మడత విప్పుతావు. దీన్నేం విప్పుతావు తల్లీ?"

ఇరవయ్యేళ్ళు కుర్చీలు చేసిన వడ్రంగి ఆయన. ఎవరో వదిలేసిపోయిన విరిగిన గిటారును సరదాకి అతికించాడు. అప్పట్నించీ అదే బతుకుతెరువు. పాట ఒక్కటీ రాదు. తన స్టాపు ఇంకా ముందుందంటూనే వాళ్ళతోపాటు దిగి కొట్లోకి నడిచాడు.

వాపసు వద్దు, మార్చి ఇమ్మని టైలరమ్మ అడగ్గానే కొట్టువాడు తళతళలాడే ఎర్ర గిటారు తీసి స్పీకరు వైరు తగిలించబోయాడు.

"ఆగు నాయనా. కరెంటిస్తే ప్రతి పిల్లీ సింహమే."

వడ్రంగి వైరు లేకుండానే మెడ మీది మెట్టు మెట్టూ నొక్కి మీటాడు. ఏడో మెట్టు దగ్గర తీగ జరజరలాడింది. "పైన పటారం, లోన లొటారం," అని పక్కన పెట్టాడు. రెండోదాని మరలు శ్రుతి నిలపలేదు. మూడోది కాఫీరంగు, పొట్టి మెడ, తేలిక. అన్ని మెట్లూ పలికాయి.

"ఇక నేను కాదు, అమ్మాయి పట్టుకోవాలి."

పిల్ల స్టూలు మీద కూర్చుని తీగ నొక్కింది. స్వరం నిండుగా పలికింది. మళ్ళీ మీటింది. మళ్ళీ.

"పాపా, వేరే స్వరాలు కూడా ఉన్నాయమ్మా," అన్నాడు కొట్టువాడు. పిల్ల వినిపించుకుంటేగా!

టైలరమ్మ పాత గిటారు పెట్టె మూసి కొట్టువాడి వైపు నెట్టింది. నెల్లాళ్ళూ పిల్లను దెప్పింది తనే కదా. ఇంతకీ తీగలు ఎన్నాళ్ళకు మార్చాలో అడుగుదామని వెనక్కి తిరిగింది. ఆయన అప్పటికే రోడ్డు దాటి, సంచి సర్దుకుంటూ, వచ్చే బస్సుకు చెయ్యెత్తుతున్నాడు.